డి3 ఎక్కడుంది, ఎప్పుడు కలిసింది: ఒసెల్టామివిర్ కొలతలో డ్యుటీరియం ఇంటర్నల్ స్టాండర్డ్

ఫ్లూ మందు ఒసెల్టామివిర్ మింగిన మనిషి రక్తంలో రెండు పదార్థాలు కొలవాలి. ఒకటి మింగిన మందే, అంటే ఇథైల్ ఎస్టర్. రెండోది కాలేయం ఆ ఎస్టర్‌ను తెంచాక మిగిలే ఒసెల్టామివిర్ కార్బాక్సిలేట్. వైరస్ న్యూరామినిడేజ్‌ను అడ్డుకునేది ఈ రెండోదే. 75 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు వేసుకుంటే మొదటిది గరిష్ఠంగా 65 దగ్గర, రెండోది 348 దగ్గర ఉంటాయి. (ఇకపై గాఢతలన్నీ మిల్లీలీటరు ప్లాస్మాకు నానోగ్రాముల్లో.) మొదటిది కొన్ని గంటల్లో కరిగిపోతుంది, రెండోదాని అర్ధాయువు 6 నుంచి 10 గంటలు. కాబట్టి ఒకే శాంపిల్‌లో ఒకటి అతి తక్కువగా, ఇంకొకటి చాలా ఎక్కువగా ఉండటం మామూలే. పైగా మొదటిది ట్యూబ్‌లోనే రెండోదిగా మారిపోగలదు.

ఇలాంటి కొలతకు ఎల్‌సీ-ఎంఎస్/ఎంఎస్‌లో (కాలమ్‌లో విడదీసి, మాస్ స్పెక్‌లో అయాన్ల బరువు చూసే పద్ధతి) డ్యుటీరియం, అంటే బరువైన హైడ్రోజన్, లేబుల్ ఉన్న ఇంటర్నల్ స్టాండర్డ్ (ల్యాబ్ మాటలో ఐఎస్; తెలిసిన మోతాదులో కలిపే పోలిక పదార్థం) వేస్తాం. ఐఎస్ వేశాం కాబట్టి అన్నీ అదే సరిచేస్తుందన్న నమ్మకం చాలామందిలో ఉంది. అది సరికాదు. ఐఎస్ రెండు షరతుల మీదే నిజం చెబుతుంది. డ్యుటీరియం అణువులో ఊడిపోని చోట ఉండాలి. ఐఎస్ శాంపిల్‌లో కలవక ముందు జరిగిన నష్టానికి దాని దగ్గర జవాబు లేదు. కింద చెప్పే ప్రతి మెట్టూ ఈ రెండింటిలో ఏదో ఒకదానికి చెందినదే.

లేబుల్ ఏ చోట ఉండాలి

కేటలాగ్‌లో ముందు డి3నా, డి5నా అని అంకె (డ్యుటీరియంల సంఖ్య) చూడకండి, అణువు బొమ్మ చూడండి. ఓహెచ్, ఎన్‌హెచ్, ఎస్‌హెచ్ మీద ఉన్న డ్యుటీరియం నీరు తగలగానే హైడ్రోజన్‌గా మారిపోతుంది, దాన్ని లేబుల్‌గా లెక్కించకూడదు. కీటోన్ పక్కన ఉన్న కార్బన్ మీద ఉంటే ఆమ్లంలోనో క్షారంలోనో మెల్లగా జారిపోతుంది. ప్యూరీన్ చట్రంలో 8వ కార్బన్ కూడా వేడిలో మారకం జరిగే చోటే. అందుకే ఎసైక్లోవిర్‌కు పక్క గొలుసులోని రెండు సీహెచ్2లను డ్యుటీరియం చేసిన డి4 తీసుకోవాలి, చట్రం మీద లేబుల్ ఉన్నది వద్దు.

ఒసెల్టామివిర్‌లో లేబుల్ పెట్టడానికి సులువైన చోట్లు రెండు. ఎసిటైల్ గుంపు మీద సీడీ3 పెడితే డి3. ఎస్టర్ వైపున్న ఇథైల్ గుంపు మొత్తాన్ని మారిస్తే డి5. డి5లో ద్రవ్యరాశి తేడా ఎక్కువ కాబట్టి అదే మేలని తోస్తుంది. కానీ లెక్క వేసి చూడండి. ప్లాస్మాలో 100 చొప్పున డి5 వేశాం, అందులో 10% ఎస్టర్ తెగింది అనుకుందాం. లేబుల్ మొత్తం ఇథనాల్‌తో పోతుంది. మిగిలేది లేబుల్ ఏమాత్రం లేని కార్బాక్సిలేట్, అచ్చంగా మనం కొలవబోతున్న పదార్థమే. అణుభారాల నిష్పత్తి వేస్తే దాదాపు 9 నానోగ్రాములు. కార్బాక్సిలేట్‌ను నమ్మకంగా కొలవగల కింది హద్దు 5 అయితే, మందు వేసుకోని మనిషి ప్లాస్మాలో కూడా కింది హద్దుకు దాదాపు రెట్టింపు కనిపిస్తుంది. ఈ తప్పు చేసింది ఐఎస్సే.

ఎసిటైల్ మీద డి3 ఉంటే, ఎస్టర్ తెగినా లేబుల్ అణువుతోనే ఉంటుంది. ఎసిటైల్ కూడా కార్బొనైల్ పక్కనే కదా అని అడగొచ్చు. నిజమే, కానీ అది ఎమైడ్. దాని పక్క హైడ్రోజన్లు కీటోన్ పక్క హైడ్రోజన్ల కంటే ఎంతో గట్టిగా పట్టుకుని ఉంటాయి. ఫార్మిక్ ఆమ్లం ఉన్న మొబైల్ ఫేజ్‌లో భయం లేదు. బలమైన క్షారంలో వేడి చేసే విధానమైతే మాత్రం పరీక్షించకుండా నమ్మకండి. ఒసెల్టామివిర్ డి3, ఒసెల్టామివిర్ కార్బాక్సిలేట్ డి3 రెండూ విడివిడిగా కొనండి. ఒక్క ఐఎస్‌తో రెండింటినీ నడిపితే డబ్బు మిగులుతుంది, డేటా మిగలదు.

డ్యుటీరియం ఎన్ని పెట్టాలి? సల్ఫర్, క్లోరిన్ లేని 300 చుట్టుపక్కల బరువున్న అణువుకు 3 సరిపోతుంది. మామూలు ఒసెల్టామివిర్‌లో 16 కార్బన్లు, 4 ఆక్సిజన్లు ఉన్నాయి, వాటి సహజ ఐసోటోపుల వల్ల ఎం+3 దగ్గర (మామూలు బరువు కంటే 3 ఎక్కువ చోట) కనిపించేది సుమారు 0.2% మాత్రమే. 8, 9 డ్యుటీరియంలు ఉంటే అణువు రివర్స్ ఫేజ్ కాలమ్‌లో మందు కంటే ముందే బయటికొస్తుంది. అలా దూరం జరిగితే మందు పీక్ ఒక రకమైన ప్లాస్మా మురికితో, ఐఎస్ పీక్ ఇంకో రకమైన మురికితో మాస్ స్పెక్‌లోకి వెళ్తాయి. అప్పుడు ఐఎస్ సరిచేయడం మాని తప్పును పెంచుతుంది. కార్వెడిలాల్‌లో డి5 ఐఎస్ విషయంలో ఇదే జరిగిందని 2007లో ప్రచురించారు. కార్బన్-13, నైట్రోజన్-15 లేబుల్స్‌తో ఈ జారుడు ఉండదు, కాకపోతే ఖర్చు ఎక్కువ. డ్యుటీరియం చవకగా దొరకడానికి మూలం భారజలం. మన దగ్గర భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు ప్లాంట్‌లో హైడ్రోజన్ సల్ఫైడ్, నీటి మధ్య మారకం ద్వారా దాన్ని తీస్తారు. నీటి నుంచి డి6 ఎసిటిక్ అన్‌హైడ్రైడ్ దాకా వచ్చాక ఒక ఎమైన్‌కు సీడీ3 తగిలించడం చిన్న పని.

సీసా చేతికొచ్చాక

ఐఎస్‌కు మందు స్టాండర్డ్ అంత కచ్చితమైన సర్టిఫికెట్ అక్కర్లేదు. 2022 మే నెలలో ఖరారైన ఐసీహెచ్ ఎం10 మార్గదర్శకం (ఇలాంటి కొలత విధానాలకు అంతర్జాతీయ నియమావళి) ఐఎస్‌కు సీఓఏ, అంటే విశ్లేషణ సర్టిఫికెట్, తప్పనిసరి అనదు, అది కొలతకు అడ్డు రాదని చూపిస్తే చాలంటుంది. కానీ ఒక్క అంకె మాత్రం సీఓఏలో వెతకాలి: డి0 (డ్యుటీరియం ఒక్కటీ లేని మాలిక్యూల్స్) ఎంత శాతం ఉంది? "ఐసోటోపిక్ ప్యూరిటీ 99%" అని రాసి ఉంటే అది డ్యుటీరియం పరమాణువుల శాతమా, డి3 ఉన్న మాలిక్యూల్స్ శాతమా అని సరఫరాదారును అడగండి. రెండూ ఒకటి కావు. మనకు హాని చేసేది డి0 ఒక్కటే. డి2 కొంచెం ఎక్కువున్నా నష్టం లేదు.

కాగితాన్ని నమ్మి ఊరుకోకుండా మీరే చూసుకోండి. ఐఎస్‌ను 50:50 ఎసిటోనైట్రైల్-నీటిలో 1 మైక్రోగ్రాము/మి.లీ. చేసి ఎక్కించి, 313→225, 315→227, 316→228 మూడు చానెల్స్ చూడండి (బాణానికి ముందుది ప్రోటాన్ చేరిన అయాన్ బరువు, తర్వాతది అది ముక్కలయ్యాక మిగిలేది). మొదటిది డి0, రెండోది డి2, మూడోది డి3. ఈ మూడు అంకెలను సీసా లాట్ నంబరుతో పాటు రిజిస్టర్‌లో రాసి పెట్టండి, తర్వాత పనికొస్తాయి.

మందు స్టాండర్డ్ సాధారణంగా ఫాస్ఫేట్ లవణంగా వస్తుంది. దాని అణుభారం 410.4, బేస్ అణుభారం 312.4. కాబట్టి 1 మిల్లీగ్రాము బేస్ కావాలంటే 1.314 మిల్లీగ్రాముల ఫాస్ఫేట్ తూచాలి, ప్యూరిటీ, తేమ సవరణలు దాని మీద. ఈ గుణకం మరిచిపోతే ఫలితాలన్నీ 31% ఎక్కువగా వస్తాయి. కాలిబ్రేషన్ లైన్ మాత్రం వంకర లేకుండా తిన్నగా ఉంటుంది, ఎవరికీ అనుమానం రాదు.

స్టాక్‌కు మెథనాల్ వాడకండి. ఇది ఇథైల్ ఎస్టర్. ఆమ్లమో క్షారమో కాస్త ఉన్న మెథనాల్‌లో ఎక్కువ కాలం ఉంచితే ఇథైల్ స్థానంలో మిథైల్ చేరే ప్రమాదం ఉంది. ఎసిటోనైట్రైల్-నీటిలో 1 మిల్లీగ్రాము/మి.లీ. చేసి, చిన్న చిన్న వయల్స్‌లో పంచి, మైనస్ 20 డిగ్రీల్లో పెట్టండి. ఒక వయల్ ఒకసారే కరిగించండి.

ఎంత కలపాలి

ఐఎస్ ఎంత వేయాలన్నది అలవాటు మీద వదిలేసే విషయం కాదు, రెండు వైపుల నుంచి లెక్క వేయాలి. ఒసెల్టామివిర్‌కు రేంజ్ 1 నుంచి 200, కార్బాక్సిలేట్‌కు 5 నుంచి 1000 తీసుకుందాం. రూల్ ఏమిటంటే, ఐఎస్ వల్ల మందు చానెల్‌లో వచ్చేది కింది హద్దు సిగ్నల్‌లో 20% దాటకూడదు, మందు వల్ల ఐఎస్ చానెల్‌లో వచ్చేది 5% దాటకూడదు.

ఐఎస్‌లో డి0 0.1% ఉందనుకోండి. ఒసెల్టామివిర్ డి3ను 500 చొప్పున వేస్తే అందులోంచి 0.5 మేర మామూలు ఒసెల్టామివిర్ వస్తుంది. కింది హద్దు 1 కదా, అంటే 50%. ఫెయిల్. 100 చొప్పున వేస్తే 0.1, అంటే 10%. పాస్. మరి రెండో వైపు: 200 ఉన్న శాంపిల్‌లో ఎం+3 వాటా 0.2%, అంటే 0.4. ఐఎస్ 100లో అది 0.4% మాత్రమే. కాబట్టి 100 సరైన అంకె.

కార్బాక్సిలేట్ డి3కి 200 వేద్దాం. డి0 0.1% అయితే 0.2, కింది హద్దు 5లో 4%. పైవైపు 1000లో 0.2% అంటే దాదాపు 2, ఐఎస్ 200లో 1%. రెండూ పాస్. ఇది 50 వేసినా పాస్ అయ్యేది, మరి 200 ఎందుకు? ఒసెల్టామివిర్ డి3లో 10% తెగితే అది 9 నానోగ్రాముల కార్బాక్సిలేట్ డి3 అవుతుంది. అసలు 50 ఉన్న చోట 9 చేరితే ఐఎస్ 18% పెరిగి, మందు 15% తక్కువ చూపిస్తుంది. 200 ఉన్న చోట 9 చేరితే తేడా 4.5% దగ్గర ఆగుతుంది. మార్పు కాలిబ్రేటర్లలోనూ శాంపిల్స్‌లోనూ ఒకేలా జరిగితే ఇది రద్దయిపోయేదే. కానీ ఒక్కో మనిషి ప్లాస్మాలో ఎంజైమ్ ఒక్కోలా ఉంటుంది, రద్దు కాదు.

ట్యూబ్ దగ్గర జరిగే నష్టం

ఇక్కడ ఐఎస్ ఏమీ చేయలేదు. రక్తం తీసిన నిమిషం నుంచి ప్లాస్మా ఫ్రీజర్‌లో పడే దాకా ఎంత ఎస్టర్ తెగిందో దానికి తెలియదు, అది ఇంకా సీసాలోనే ఉంది. హెపారిన్, ఈడీటీఏ ట్యూబుల్లో ఒసెల్టామివిర్ కార్బాక్సిలేట్‌గా మారుతుందని, ఫ్లోరైడ్-ఆక్సలేట్ ట్యూబ్ దాన్ని ఆపుతుందని ప్రచురణల్లో ఉంది. షుగర్ పరీక్షకు వాడే బూడిద రంగు మూత ట్యూబే అది. డైక్లోర్వాస్ కూడా ఆపుతుంది, కానీ అది ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందు. వార్డులో నర్సు చేతికి అది ఇవ్వడం తప్పు. మనుషుల స్టడీకి బూడిద మూతే ఖాయం చేసుకోండి. ఎలుకల స్టడీ అయితే సంగతి వేరు. వాటి ప్లాస్మాలో కార్బాక్సిలెస్టరేజ్ చాలా ఎక్కువ, ఎస్టర్ చూస్తుండగానే పోతుంది. అక్కడ డైక్లోర్వాస్‌ను ఫ్యూమ్ హుడ్‌లో, గ్లౌజులతో, ముందే ట్యూబుల్లో వేసి పెట్టాలి.

పాటించాల్సిన వరుస ఇది. ట్యూబ్‌ను గీత దాకా నింపాలి. వెంటనే 8 నుంచి 10 సార్లు మెల్లగా తలకిందులు చేయాలి, కుదపకూడదు. మంచునీళ్లలో పెట్టాలి. 30 నిమిషాల్లోపు 4 డిగ్రీల్లో సెంట్రిఫ్యూజ్ చేసి, ప్లాస్మాను రెండు వయల్స్‌లో పంచి, మైనస్ 70 డిగ్రీల్లో పెట్టాలి. సగం నిండిన ట్యూబ్‌లో లవణం ఎక్కువై ఎర్రకణాల నుంచి నీరు ప్లాస్మాలోకి వస్తుంది, గాఢత పలచబడుతుంది. కణాలు పగిలి ప్లాస్మా ఎర్రబడితే మరో తలనొప్పి. కాలిబ్రేటర్లు, క్యూసీలు (గాఢత తెలిసిన తనిఖీ శాంపిల్స్) కూడా అదే ఫ్లోరైడ్-ఆక్సలేట్ ప్లాస్మాలోనే చేయాలి. బ్లడ్ బ్యాంక్ నుంచి వచ్చే సీపీడీఏ (సిట్రేట్ కలిపిన) ప్లాస్మాతో లైన్ గీసి బూడిద మూత శాంపిల్స్‌ను చదవడం నాకు ఒప్పుకోదగ్గ పనిగా కనిపించదు.

ఒక చిన్న పరీక్షతో ట్యూబ్ పనిచేస్తోందో లేదో తెలుసుకోవచ్చు. ఆరుగురి దగ్గర తాజా రక్తం తీసుకుని, ఒసెల్టామివిర్ మాత్రమే 100 చొప్పున కలపండి, కార్బాక్సిలేట్ వేయకండి. 0, 1, 2, 4 గంటలకు ప్లాస్మా తీసి కార్బాక్సిలేట్ కొలవండి. 0 గంట దగ్గర కనిపించేది మీ స్టాండర్డ్‌లోని మలినం, ఆ తర్వాత పెరిగేది ట్యూబ్‌లో తెగినది.

శాంపిల్ తయారీ

ఒసెల్టామివిర్ ప్రొటీన్‌కు 42% అతుక్కుంటుంది, కార్బాక్సిలేట్ 3% మాత్రమే. అంటే ఐఎస్‌ను ముందు ప్లాస్మాలో కలిపి, ప్రొటీన్‌తో సర్దుకునే దాకా ఆగాల్సిన అవసరం లేదు. కాబట్టి ఐఎస్‌ను చల్లటి ఎసిటోనైట్రైల్‌లోనే కలిపి పెట్టుకోవడం మంచిది. ఐఎస్ తగిలిన క్షణమే ఎంజైమ్ చచ్చిపోతుంది, డి3 ఎస్టర్ తెగే సమయమే ఉండదు.

ప్రతి 100 మైక్రోలీటర్ల ప్లాస్మాకు 300 మైక్రోలీటర్ల ఎసిటోనైట్రైల్ వేస్తాం. ప్లాస్మా లెక్కన 100 కావాలంటే ఒక్కో శాంపిల్‌కు 10 నానోగ్రాముల ఒసెల్టామివిర్ డి3, 200 కావాలంటే 20 నానోగ్రాముల కార్బాక్సిలేట్ డి3. అంటే ద్రావకంలో 33.3, 66.7 నానోగ్రాములు/మి.లీ. 100 మి.లీ. ఎసిటోనైట్రైల్ (0.1% ఫార్మిక్ ఆమ్లంతో) తీసుకుని, 100 మైక్రోగ్రాములు/మి.లీ. ఉన్న మధ్య ద్రావణాల నుంచి మొదటిది 33 మైక్రోలీటర్లు, రెండోది 67 మైక్రోలీటర్లు కలపండి. బ్యాచ్ మొత్తానికి ఒకే సీసా వాడండి. సగంలో అయిపోయి కొత్తది కలిపితే అక్కడి నుంచి లైన్ మారిపోతుంది. ఖర్చు గురించి బెంగ వద్దు: 1 మిల్లీగ్రాము కార్బాక్సిలేట్ డి3 ఈ లెక్కన 50,000 శాంపిల్స్‌కు వస్తుంది.

1. ప్లాస్మాను మంచు మీద కరిగించి, వోర్టెక్స్ చేసి, 100 మైక్రోలీటర్లు తీయండి.
2. ఐఎస్ ఉన్న చల్లటి ఎసిటోనైట్రైల్ 300 మైక్రోలీటర్లు రిపీట్ డిస్పెన్సర్‌తో వేయండి. ఈ విధానంలో ద్రావకం పరిమాణం తప్పితే ఐఎస్ పరిమాణమూ తప్పినట్టే. ఎసిటోనైట్రైల్ చుక్కలు కారుతుంది, టిప్‌ను ముందు రెండుసార్లు తడపండి.
3. 2 నిమిషాలు వోర్టెక్స్, ఆపై 12,000 జీ వద్ద 4 డిగ్రీల్లో 10 నిమిషాలు సెంట్రిఫ్యూజ్.
4. పైన తేరిన ద్రవం 100 మైక్రోలీటర్లు తీసి, 0.1% ఫార్మిక్ ఆమ్లం ఉన్న నీరు 300 మైక్రోలీటర్లు కలపండి. ఈ మెట్టు వదిలేస్తే కార్బాక్సిలేట్ పీక్ ముందుకు సాగిపోయి రెండు తలలతో వస్తుంది, ఎందుకంటే ఎక్కించిన ఎసిటోనైట్రైల్ దాన్ని కాలమ్‌లో ఆగనివ్వదు.
5. 5 మైక్రోలీటర్లు ఎక్కించండి. ఆటోశాంప్లర్ 10 డిగ్రీలు.

కాలిబ్రేటర్లు 8 మెట్లు: ఒసెల్టామివిర్‌కు 1, 2, 5, 20, 50, 100, 160, 200, కార్బాక్సిలేట్‌కు దానికి అయిదు రెట్లు. క్యూసీలు 1, 3, 80, 160, రెండోదానికి మళ్లీ అయిదు రెట్లు. స్పైకింగ్ ద్రావణం ప్లాస్మాలో 5% మించకూడదు. లైన్‌కు వెయిటింగ్ 1/ఎక్స్ స్క్వేర్.

కాలమ్, చానెల్స్

సీ18, 100×2.1 మి.మీ. కాలమ్, 40 డిగ్రీలు, 0.35 మి.లీ./నిమిషం. నీరు, ఎసిటోనైట్రైల్ రెండింట్లోనూ 0.1% ఫార్మిక్ ఆమ్లం. 5% ఎసిటోనైట్రైల్‌తో మొదలుపెట్టి 3 నిమిషాల్లో 60%కి తీసుకెళ్లి, 95%లో నిమిషంన్నర కడిగి, తిరిగి 5%కి రండి. ఆ కడుగుడు తీసేసి రన్ టైమ్ తగ్గించాలని అనిపిస్తుంది. తగ్గిస్తే ఫాస్ఫోలిపిడ్లు కాలమ్‌లో పోగుపడి రెండు మూడు ఇంజెక్షన్ల తర్వాత మీ పీక్ కింద బయటపడతాయి. విధానం తయారుచేసేటప్పుడు 184→184 చానెల్ తెరిచి పెట్టుకోండి, అవి ఎక్కడ వస్తున్నాయో కళ్లకు కనిపిస్తుంది. మొదటి ముప్పావు నిమిషం డైవర్ట్ వాల్వ్‌తో డ్రెయిన్‌కు పంపండి. ఫ్లోరైడ్, ఆక్సలేట్ లవణాలు సోర్స్‌లోకి (మాస్ స్పెక్‌లో అయాన్లు పుట్టే భాగం) పోకూడదు.

రెండు పదార్థాలూ కాలమ్‌లో విడిపోవడం తప్పనిసరి. మాస్ స్పెక్ వాటి బరువు తేడా చూస్తుంది కదా, కలిసి వస్తే ఏమవుతుందిలే అనుకోవద్దు. ఇథైల్ ఎస్టర్ సోర్స్ వేడిలో ఇథిలీన్‌ను వదిలితే 313 నుంచి 28 తగ్గి 285 అవుతుంది. అది కార్బాక్సిలేట్ అయానే. ఒసెల్టామివిర్ ఒక్కటే ఎక్కించి 285→197 చానెల్‌లో దాని సమయం దగ్గర పీక్ వస్తుందేమో చూడండి.

ఇక ఈ విధానంలో చాలామంది జారే చోటు. ఒసెల్టామివిర్ 313 ముందు పెంటనాల్ (88) వదిలి 225 అవుతుంది, తర్వాత ఎసిటమైడ్ (59) వదిలి 166 అవుతుంది. డి3లో లేబుల్ ఎసిటమైడ్‌లోనే ఉంది. కాబట్టి 316 ముందు 228 అవుతుంది, తర్వాత 62 వదిలి అదీ 166కే వస్తుంది. అంటే 313→166, 316→166 రెండు చానెల్స్‌కు కూతురు అయాన్ ఒకటే. కొలిజన్ సెల్ (అయాన్లను ముక్కలు చేసే గది) పూర్తిగా ఖాళీ కాకముందే పాత మిషన్ తర్వాతి చానెల్‌కు మారితే, మందు వదిలిన 166 ఐఎస్ లెక్కలో పడుతుంది. ఎక్కువ గాఢతల దగ్గర లైన్ వంగుతుంది. అందుకని లెక్కకు 225, 228 వాడండి, 166ను నిర్ధారణకు మాత్రమే ఉంచండి. కార్బాక్సిలేట్‌కు అదే వరుస: 285→197, 288→200 లెక్కకు, 138 నిర్ధారణకు. 200, 228లలో లేబుల్ ఇంకా ఉంది, అదే వాటి విలువ.

మూడు ఖాళీ శాంపిల్స్

ప్రతి బ్యాచ్‌లో ఇవి పెట్టండి, ఒక్కోటి వేరే ప్రశ్నకు జవాబు చెబుతుంది. ఐఎస్ కూడా లేని ప్లాస్మా: ప్లాస్మాలోంచే ఏదైనా వస్తోందా? ఐఎస్ మాత్రమే ఉన్న ప్లాస్మా: డి0 మలినం ఎంత? ఐఎస్ లేకుండా పై హద్దు మందు: మందు ఐఎస్ చానెల్‌లోకి ఎంత పోతోంది? మూడోదాన్ని పై హద్దు కాలిబ్రేటర్ వెనకే వేయకండి, క్యారీఓవర్‌తో కలిసిపోతుంది.

వాలిడేషన్ హద్దులు తెలిసినవే: 15%, కింది హద్దు దగ్గర 20%, మ్యాట్రిక్స్ (ప్లాస్మాలోని మిగతా పదార్థాల) ప్రభావానికి కనీసం 6 వేర్వేరు ప్లాస్మాలు, వాటికి తోడు హీమోలైజ్డ్, కొవ్వు ఎక్కువున్నవి, మొదటి 1000 శాంపిల్స్‌లో 10%, మిగతావాటిలో 5% మళ్లీ కొలవడం. డ్యుటీరియం ఉన్నందుకు వీటికి అదనంగా చేయాల్సింది ఒక్కటుంది. ఐఎస్‌ను తుది ద్రావణంలో గది ఉష్ణోగ్రతలో 24 గంటలు, ఆటోశాంప్లర్‌లో 72 గంటలు పెట్టి, మొదట రాసుకున్న మూడు చానెల్స్ మళ్లీ చూడండి. మారకం జరుగుతుంటే ముందు పెరిగేది 315, అంటే డి2. ఒకేసారి మూడు డ్యుటీరియంలు ఊడవు. 313 మాత్రమే చూసేవాళ్లకు ఈ సంగతి ఆలస్యంగా తెలుస్తుంది. 315 కదలకుండా 313 ఒక్కటే పెరిగితే అది మారకం కాదు, ఎక్కడో మందు కలిసింది. పిప్పెట్, ప్లేట్ మూత, సూది కడిగే ద్రావణం వెతకండి.

బ్యాచ్ అయ్యాక నిష్పత్తులు చూసేముందు ఐఎస్ ఏరియాలను ఇంజెక్షన్ వరుసలో గీయండి. రోగుల శాంపిల్స్‌లో మాత్రమే పడిపోతే మ్యాట్రిక్స్. మెల్లగా వరుసగా పడిపోతే సోర్స్ మురికి. ఒక్క శాంపిల్‌లో సగానికి పడిపోతే డిస్పెన్సర్. ఒసెల్టామివిర్ డి3 తగ్గి అదే శాంపిల్‌లో కార్బాక్సిలేట్ డి3 పెరిగితే ఎస్టర్ తెగుతోంది. రెండు డి3లు పెట్టుకున్నందుకు దక్కే గొప్ప లాభం ఇదే, తెగుడు జరిగిందని శాంపిల్ తానే చెబుతుంది.

మందులోనే డ్యుటీరియం ఉంటే

కొలవడానికి వాడే ఐఎస్‌లో సీ-డీ బంధం కదలకూడదని కోరుకుంటాం. మందు రూపకల్పనలో అదే బంధాన్ని శరీరం తెంచే చోటే పెట్టి, తెగడం ఎంత నెమ్మదిస్తుందో చూస్తాం. టెలాప్రెవిర్ దీనికి చక్కటి ఉదాహరణ. ఈ హెపటైటిస్ సీ మందులో కీటోఎమైడ్ పక్కనున్న కార్బన్ మీద హైడ్రోజన్ ఊడి, తిరిగి అతుక్కునేటప్పుడు అణువు తిరగబడి బలహీన రూపంగా మారుతుంది. అక్కడ డ్యుటీరియం పెడితే మార్పు నెమ్మదించింది, ఎలుకల్లో ఏయూసీ (రక్తానికి అందిన మొత్తం మందుకు కొలత) 13% పెరిగింది. ఐఎస్‌కు పనికిరాని చోటే మందుకు పనికొచ్చింది. నెవిరపిన్‌లో మిథైల్ గుంపును సీడీ3 చేస్తే 12-హైడ్రాక్సీ రూపం తగ్గింది, ఎలుకల్లో చర్మం దద్దుర్లూ తగ్గాయి. దద్దుర్లకు దారి ఏదో అలా తేలింది.

ఇలాంటి పోలిక మీరు చేయాలంటే, పీహెచ్ 7.4 ఫాస్ఫేట్ బఫర్‌లో 0.5 మిల్లీగ్రాములు/మి.లీ. మానవ కాలేయ మైక్రోసోములు (ఎంజైమ్‌లున్న కణ భాగాలు), 1 మిల్లీమోలార్ ఎన్ఏడీపీహెచ్, 37 డిగ్రీలు. హెచ్ రూపం, డీ రూపం చెరో 0.5 మైక్రోమోలార్ ఒకే గొట్టంలో వేయండి. 0, 5, 15, 30, 45, 60 నిమిషాలకు తీసి చల్లటి ఎసిటోనైట్రైల్‌లో ఆపండి. ఒకే గొట్టంలో ఉన్నాయి కాబట్టి పిప్పెట్ తప్పులు రెండింటికీ సమానం, నిష్పత్తి నమ్మదగినది. కానీ కలిపి పెడితే వచ్చేది ఎంజైమ్ కోసం పోటీపడినప్పటి నిష్పత్తి. ఒంటరిగా ఒక్కోటీ ఎంతసేపు నిలుస్తుందో తెలియాలంటే విడి గొట్టాల్లోనూ చేయాలి. ఇక్కడ డీ రూపం కొలవాల్సిన పదార్థం, ఐఎస్ కాదు. ఐఎస్‌కు పూర్తిగా వేరే అణువు తీసుకోండి.

ఈ జాగ్రత్త వీవీ116 దగ్గర పెద్ద సమస్యగా మారుతుంది. కోవిడ్‌కు చైనాలో 2023 జనవరిలో షరతులతో అనుమతి పొందిన ఈ మందు, రెమ్‌డెసివిర్ మూల న్యూక్లియోసైడ్ జీఎస్-441524కు ఒక డ్యుటీరియం పెట్టి, మూడు ఐసోబ్యుటిరేట్ ఎస్టర్లతో నోటి మాత్రగా చేసింది. రక్తంలో ఎస్టర్లు తెగి మిగిలేది ఒక్క డ్యుటీరియం ఉన్న న్యూక్లియోసైడ్, 293. మామూలు జీఎస్-441524 అయాన్ బరువు 292, దాని సహజ ఎం+1 వాటా దాదాపు 15%. రోగికి అంతకుముందు రెమ్‌డెసివిర్ ఎక్కించి ఉంటే, ఆ 15% నేరుగా 293 చానెల్‌లో కలుస్తుంది. కాలమ్ వాటిని విడదీయలేదు. కార్బన్-13, డ్యుటీరియం మధ్య బరువు తేడా 2.9 మిల్లీడాల్టన్లు, దాన్ని 293 దగ్గర విడదీయాలంటే 1,00,000 రిజల్యూషన్ కావాలి. ట్రిపుల్ క్వాడ్ (అంత రిజల్యూషన్ లేని మామూలు మాస్ స్పెక్) ఒక్కటే ఉన్న ల్యాబ్ 292ను కూడా కొలిచి, ఎం+1 వాటాను ప్రయోగంతో తేల్చుకుని తీసేయాలి. ఐఎస్‌కు కార్బన్-13, నైట్రోజన్-15 కలిపి కనీసం 5 యూనిట్లు బరువైనది కొనాలి. ప్రతి రోగికీ మందు వేయకముందు ఒక శాంపిల్ తీసి 292, 293 రెండు చానెల్స్‌లోనూ చూడాలి.